తొట్టి గోడకు ఆ నురగ ఎందుకు?

వానలు పడి మాడుగులపల్లి చుట్టుపక్కల నాట్లు మొదలయ్యాక, నీళ్లతొట్టి గోడకో, నీటి మీదికి వంగిన కొమ్మకో సబ్బునురగలాంటి ముద్ద కనిపిస్తే చీపురుతో తోసేయకండి. అది చెట్టుకప్ప గూడు కావచ్చు!

గుడ్లతోపాటు వచ్చే జిగురును కప్ప వెనక కాళ్లతో చిలికి నురగ చేస్తుంది. ఎందుకు? కప్పగుడ్డుకు పెంకు ఉండదు, గాలికే ఎండిపోతుంది. నేరుగా నీళ్లలో పెడితే చేపలు మింగేస్తాయి. నురగ పైపొర గట్టిపడుతుంది, లోపలి తడి ఆరదు. కొన్ని రోజులకు గుడ్లు పగిలి, తోకకప్పలు జారి కింది నీళ్లలో పడతాయి. అందుకే గూడు సరిగ్గా నీటి పైన!

దక్షిణ అమెరికాలోని డార్ట్ కప్పలది మరో ఉపాయం. తడి ఆకుల మీద గుడ్లు పెట్టి, పిల్లల్ని వీపున మోసుకెళ్లి నీళ్లలో వదులుతాయి. మన చెట్టుకప్పకు అంత తీరిక లేదు, గూడు కట్టి వెళ్లిపోతుంది.

తొట్టి కడగాల్సి వస్తే తోకకప్పల్ని మగ్గుతో ముంచి, కుంట నీళ్లున్న బకెట్లోకి మార్చండి. కుళాయి నీళ్లు వద్దు, అందులోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది. కాస్త నాచు వేస్తే అదే వాటి తిండి. కాళ్లు మొలిచాక ఎక్కి కూర్చోవడానికి ఓ రాయి పెట్టడం మరవకండి. ఊపిరితిత్తులతో గాలి పీల్చే వేళకు గట్టు దొరక్కపోతే పిల్లకప్ప నీళ్లలోనే మునిగి చస్తుంది.