కోర్టుకొచ్చే షూ గ్రౌండ్‌కి పనికొస్తుందా?

పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రం నారాయణగూడ వైఎంసీఏలో బాస్కెట్‌బాల్. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఇలాంటి బ్యాచ్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. వాళ్లలో కొందరు కానిస్టేబుల్, ఎస్ఐ ఈవెంట్స్‌కీ సిద్ధమవుతుంటారు. ఇంటి నుంచి వచ్చే డబ్బులకు ఒక్క జతే వస్తుంది. మరి ఏది కొనాలి?

ముందు కోర్టు సంగతి. మీరు గార్డ్‌గా ఆడుతుంటే పరుగు కన్నా ఆగడం, పక్కకు మళ్లడమే ఎక్కువ. పాదం నేలకు దగ్గరగా ఉండే లో కట్ షూ ఇందుకే. చీలమండకు ఆసరా లేకపోతే కాలు మడత పడుతుందని భయమా? ఫుట్‌బాల్ ఆటగాళ్లు లో కట్‌తోనే ఆడతారుగా అన్నది కోబీ బ్రయంట్ వాదన. అలా 2008 చివర్లో నైకీ కోబీ 4 బయటికొచ్చింది. 1993లో అమెరికాలో 622 మంది కాలేజీ ఆటగాళ్లపై జరిగిన అధ్యయనంలోనూ హై కట్, లో కట్‌ల మధ్య బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఫోన్‌కైతే స్పెక్స్ చదువుతాం. షూని చేత్తోనే చూడాలి. ముందు, వెనక పట్టుకుని వంచండి. వేళ్ల మొదట్లో వంగాలి. నడిమధ్యలో వంగిందంటే పక్కన పెట్టేయండి. మడమ భాగాన్ని నొక్కితే గట్టిగా ఉండాలి. లేసులు బిగించి, షాపులోనే డిఫెన్స్‌లో జరిగినట్టు పక్కకు జరిగి టక్కున ఆగండి. లోపల పాదం జారితే అది ఎంత పెద్ద బ్రాండైనా మీకు కాదు. సిమెంటు కోర్టుకైతే మెత్తటి రబ్బరు సోల్ త్వరగా అరిగిపోతుంది. సాయంత్రం వెళ్తే మంచిది, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి.

ఇదే జతతో 1600 మీటర్లు? 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు ఇచ్చిన టైమ్ 7 నిమిషాల 15 సెకన్లు. పలుచటి కుషన్ ఉన్న లో కట్‌తో ఒకరోజు పరిగెత్తొచ్చు, కానీ నెలల తరబడి ప్రాక్టీస్ చేస్తే మోకాళ్లు, పిక్కలు ఊరుకోవు. పోనీ రన్నింగ్ షూతో కోర్టులోకి దిగుదామా అంటే అది ఇంకా ప్రమాదం. ఎత్తైన మెత్తటి మడమ పక్కకు ఒరిగిపోతుంది.

నోటిఫికేషన్ దగ్గర్లో ఉంటే రన్నింగ్ షూనే కొనండి, ఆట కొన్నాళ్లు ఆపినా పర్లేదు. ఈవెంట్స్ రోజున మాత్రం కొత్త జత వేసుకుని వెళ్లకండి. దానితో అప్పటికే కొన్ని వారాలు పరిగెత్తి ఉండాలి.