నత్తియు, తొందరమాటయు

నత్తి వేఱు, తొందరమాట వేఱు. లోకులు రెంటిని నొకటిగా నెంచుదురు. నత్తిగలవానికి జెప్పవలసిన మాట తెలియును. మొదటి యక్షరమే నోట జిక్కుకొనును. తొందరమాటవాడు మాటపై మాట త్రోసి నడుమ నక్షరములను మ్రింగును, వినువారు "ఏమీ?" యని యడుగువఱకు దన లోప మాతడెఱుగడు. మాకు రెండును గలవు.

"నిదానముగా జెప్పుము" అను హితవు విన్నచో తొందరమాట కొంతసేపు చక్కబడును. నత్తి పట్టినప్పు డదేమాట విన్నచో నాలుక మఱింత బిగియును. బాల్యమున సుమారు నూటి కైదుగురికి నత్తి గనబడినను బెక్కుమందికి మానిపోవును. పెద్దలలో నూటి కొక్కనికి నిలుచును. ఇది బుద్ధిలోపము గాదు, పెంపకదోషమును గాదు.

ప్రాయము వచ్చినపిదప మిక్కిలి బాధించునది సొంతపేరు. తక్కిన పదములకు బదులు వేఱొకటి వెదకుకొనవచ్చును, పేరునకు బదులేది? ఉద్యోగమునకై పోయినచోట మొదట నడుగునది యదియే. ఒకమాఱు మేము పేరు పలుకలేక కాగితముపై వ్రాసి చూపితిమి. చెవిటివారమని తలచి వారును వ్రాసియే బదులిచ్చిరి! చిత్రమేమన, ఆ యాదివారమే గుడిలో పదుగురితో గలసి కీర్తన పాడునప్పుడు నత్తి జాడయైన లేదు. గుంపుతో బలికినను, పాడినను నత్తి తొలగుట పెక్కుమందిలో గనబడునదే.

తరువాత రాజైన ఆఱవ జార్జి 1926 మొదలు లయొనెల్ లోగ్ అను ఆస్ట్రేలియా దేశీయునియొద్ద అభ్యాసము చేసెను. 1939లో యుద్ధప్రసంగము చేయునాడును లోగ్ ఎదుటనే నిలిచియుండెను.

అమ్మలారా, అయ్యలారా, గురువులారా! నత్తిచే నాగిన మా వాక్యమును మీరు పూరింపక వేచియుండుడు. మ్రింగిన మాటను మాత్రము మఱల నడుగుడు. దానికి మేము నొచ్చుకొనము.