ఓరుగల్లుకు ఒక జంట ప్రదర్శన

పరిషత్తు పోటీలలో ఒకే సాయంత్రం రెండు మూడు నాటికలు ప్రదర్శించడం తెలుగు నాటకరంగానికి అలవాటే. అక్కడ వాటిని కలిపేది బహుమతి. అది ప్రకటించిన తరువాత మెప్పు పొందిన ప్రదర్శన సైతం తరచు మరుగున పడుతుంది. పునఃప్రదర్శనకై రెండింటిని జతచేసినప్పుడు మాత్రం ఆ జత ఎందుకో నిర్వాహకుడు చెప్పవలసి ఉంటుంది.

2024లో హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం ప్రారంభమైంది. ఆ వేదికకు ‘క్రీడాభిరామం’, ‘మా భూమి’ తగిన జత అని నా అభిప్రాయం. వినుకొండ వల్లభరాయని వీథి రూపకంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో తిరుగుతూ కోడిపందెం చూస్తారు, పల్నాటి వీరగాథ వింటారు. అక్కడ పాత్రలే ప్రేక్షకులు. సుంకర, వాసిరెడ్డిల నాటకం తెలంగాణ రైతు పోరాటాన్ని చూపి, ప్రేక్షకుణ్ణి పక్షం వహించమంటుంది. ఒకే సాయంత్రంలో ఇమడాలంటే ‘మా భూమి’ని కుదించక తప్పదు, ఏ రంగాలు మిగలాలన్నదే అసలు చిక్కు.