కూలి డబ్బు గూళ్లు అమ్మేదాకా ఆగదు



పురుగులు పండితే చంద్రికలకు ఎక్కించడానికి కూలీలను పిలుస్తాం. "గూళ్లు అమ్మాక ఇస్తాంలే" అనడం మనలో చాలామందికి అలవాటు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల్లో ఒకటైన వేతన చట్టం దీన్ని ఒప్పదు. ఇంతకుముందు కూలి గడువులు ఎక్కువగా ఫ్యాక్టరీల్లాంటి చోట్లకే ఉండేవి. ఇప్పుడు కూలి ఇచ్చే అందరికీ వర్తిస్తాయి.

• రోజు కూలి: పని దిగేటప్పుడే ఇవ్వాలి.
• నెల జీతం: మరుసటి నెల 7వ తేదీలోపు.
• ఒకే పనికి ఆడామగా కూలిలో తేడా చూపకూడదు.
• అడ్వాన్సు ఎంత ఇచ్చినా, కూలిలో సగానికి మించి పట్టుకోకూడదు.

మార్కెట్లో ధర పడిందని కూలి ఆపలేం. అందుకే చాకీ పురుగులు తెచ్చిన రోజే పంట కూలి డబ్బు పక్కన పెట్టుకుందాం. ఇచ్చినప్పుడల్లా నోటుబుక్కులో రాసి సంతకం పెట్టించుకుందాం.