ఏది, ఎన్నవది, ఎన్ని, ఎంత : సాంఖ్యక శాస్త్రమునందలి మొదటి మాటలు

తెలుగు పండితునకు లెక్కలతో నేమి పని యని ఈ శీర్షికను చూచినవారు అడుగవచ్చును. బెంగుళూరులో అల్పసంఖ్యాక భాషా పాఠశాలయందు తెలుగు బోధించువానికి ఆ పని ఏటేట వేసవి సెలవులు ముగియగనే తగులుకొనును. ఈ సంవత్సరము తెలుగు తరగతికి ఎందరు చేరిరి? ఇందరున్నచో తరగతి నిలుచును, అంతకు తగ్గినచో ఆలోచింపవలయును అను మాట మా చెవులలో మ్రోగుచునే యుండును.

కొన్ని సంవత్సరముల క్రిందట ప్రవేశపు రిజిస్టరులో మాతృభాష అను గడిని చూచి తెలుగు పిల్లల జాబితా నొకటి వ్రాసితిని. సంఖ్య చాల చిన్నదిగా తేలినది. మనసొప్పక తరగతులకు పోయి, మీ అమ్మ ఇంటిలో మిమ్ము ఏ భాషలో పిలుచునని పిల్లలనే అడిగితిని. ఈసారి జాబితా పెరిగినది. బాగేపల్లి ప్రాంతమునుండి వచ్చిన కుటుంబములోని యొక బాలుని పేరునకెదురుగా రిజిస్టరులో కన్నడమని యున్నది. వాడు నాతో మాటాడినది చక్కని తెలుగు. వాని తండ్రి చదివినది కన్నడము, చేయు సంతకము కన్నడము. దరఖాస్తులో భాషయనగా వ్రాయు భాషయే యని ఆయన తలచెను. ఆయన అసత్యము వ్రాయలేదు, గుమాస్తా పొరపాటును లేదు. ప్రశ్నలు రెండు, కనుక లెక్కలును రెండైనవి. సాంఖ్యక శాస్త్రమును గూర్చి తెలిసికొనవలెనను కోరిక నాకు ఆనాడు కలిగినది.

సంగతులను సేకరించి, వరుసలో పెట్టి, సంగ్రహించి, వానినుండి ఎంతవరకు నమ్మకముగా చెప్పవచ్చునో నిర్ణయించు విద్య సాంఖ్యక శాస్త్రము. సేకరించిన సంగతులకు దత్తాంశములని పేరు. వాడుకలో డేటా యనుచున్నారు. మనిషికి మనిషికి, వస్తువునకు వస్తువునకు మారుచుండు లక్షణము, అనగా వయస్సు, ఎత్తు, భాష వంటిది, చలరాశి. జర్మనీ దేశమున అఖెన్వాల్ అను పండితుడు 1749లో ఈ విద్యకు పెట్టిన పేరు రాజ్యమను అర్థముగల మాటనుండి పుట్టినది. రాజ్యమునకు లెక్క కావలెనను తలంపు మనకు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున గోపుడను అధికారి ఐదు గాని పది గాని గ్రామములకు ఇండ్లెన్ని, కర్షకులెందరు, గోపాలకులెందరు, వర్తకులెందరు అని వ్రాసి యుంచవలెనని విధి కలదు. మన తాతల నాటి ఖానేషుమారీ అను మాటకు అర్థము ఇండ్ల లెక్కయే. దేశమంతట ఒక్కమారు జరిగిన మొదటి జనగణన 1881 సంవత్సరమునాటిది.

అందరిని లెక్కించుట యొక పద్ధతి, కొందరిని చూచి అందరిని అంచనా వేయుట మరియొక పద్ధతి. ఈ రెంటిని మహాభారతమందలి నలోపాఖ్యానము ఒక్క దృశ్యములో చూపినది. నన్నయభట్టు అరణ్యపర్వమున తెనిగించిన కథ యగుటచే పాఠకులకు సుపరిచితము. విదర్భకు రథముపై పోవుచు ఋతుపర్ణ మహారాజు దారిలోని తాండ్ర చెట్టును ఒక్క చూపు చూచి దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పెను. సారథి వేషములోనున్న నలుడు నమ్మక, రాజు తొందరపెట్టుచున్నను రథము నాపి, చెట్టును పడగొట్టి లెక్కించి చూచెను. లెక్క సరిపోయెను. లెక్కింపవలసిన వస్తు సముదాయమంతయు సమష్టి. అందులోనుండి తీసిన భాగము ప్రతిరూపము. నలుడు చేసినది సంపూర్ణ గణనము. ఋతుపర్ణుని విద్యను నేటి శాస్త్రజ్ఞులు కొందరు ప్రతిరూపమునుండి కట్టిన అంచనాగా భావింతురు. ఆ విద్యయు పాచికల రహస్యమైన అక్షహృదయమును ఒకరి యొద్దనే యుండుట నాకు మిక్కిలి ఆశ్చర్యకరముగ తోచును. అంచనాకును అదృష్టపు ఆటకును మూలమొక్కటే యని ఐరోపా పండితులు గ్రహించినది పదునేడవ శతాబ్దిలోనే కదా! నలుని పద్ధతిలో ఒక లోపమున్నది. లెక్క ముగియునప్పటికి చెట్టు మిగులదు. అగ్గిపుల్లలన్నియు వెలుగునో లేదో తెలియుటకు అన్నిటిని గీచి చూచువాడు అగ్గిపెట్టెను అమ్ముకొనలేడు.

అంచనా యెంత నేర్పుగ కట్టినను కొంత ఊగిసలాట తప్పదు. నిష్పాక్షికముగ కట్టిన అంచనాలోని ఊగిసలాట ఒక హద్దునకు క్రిందికి దిగజాలదని 1945లో నిరూపించినది మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. స్వీడను దేశపు క్రామెర్ గారి పేరుతో కలిపి దానిని క్రామెర్-రావు హద్దు అందురు. రావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన హూవిన హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలోనిది, ఇప్పుడు కర్ణాటకమున విజయనగర జిల్లాలోనిది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తాలో మహలనోబిస్ గారి భారత సాంఖ్యక సంస్థలో చేరి, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమానమునంది, ఆ సంవత్సరమే ఆగస్టు 22వ తేదీన నూటమూడవ యేట గతించిరి.

ఇక దత్తాంశముల రకములు. పాఠ్యపుస్తకములు వీనిని పట్టికలుగా ఇచ్చును. పిల్లలు వల్లించి మరచిపోవుదురు. మన తెలుగులోని ప్రశ్నార్థక పదములను పట్టుకొన్నచో మరపు రాదని నా అనుభవము.

ఏది అను ప్రశ్నకు వచ్చు సమాధానము ఒట్టి పేరు. మీ భాష ఏది, మీ ఊరు ఏది అన్నచో వచ్చునవి గుణాత్మక దత్తాంశములు, అందును నామమాత్రములు. కొన్నిటికి అంకెలు తగిలించియుండుటచే మనము మోసపోవుదుము. బెంగుళూరు పెద్ద తపాలా కార్యాలయపు పిన్ కోడు 560001. దీనికి మరియొక ఊరి కోడును కలిపి రెండుచే భాగించిన వచ్చునది ఏ ఊరును కాదు. విభక్తులకును అంకెలే పేళ్లు. సప్తమి ప్రథమకు ఏడు రెట్లని ఏ వైయాకరణుడును చెప్పలేదు.

ఎన్నవది అను ప్రశ్నకు వచ్చునది వరుస. రాముడు దశరథునకు ఎన్నవ కుమారుడు అను వాక్యమును ఇంగ్లీషులోనికి మార్చుమన్న మా పిల్లలు తలలు పట్టుకొందురు. ఆ భాషలో ఇందుకు ఒక్క మాట లేదు. కన్నడమున ఎష్టనెయ అని కలదు. ఇవి క్రమసూచక దత్తాంశములు. ముందు వెనుకలు చెప్పును గాని ఎడమెంతయో చెప్పవు.

లెక్కించుటకు వీలైనవానికి ఎన్ని, మనుష్యులైనచో ఎందరు. కొలుచుటకు వీలైనదానికి ఎంత. కన్నడమున వాడుకలో ఎష్టు అను ఒక్క మాట రెంటికిని చాలును. తెలుగు ఈ భేదమును విడువలేదు. శాస్త్రమున మొదటిది విచ్ఛిన్న చలరాశి, రెండవది అవిచ్ఛిన్న చలరాశి. ఉత్పలమాల పాదమునకు ఇరువది అక్షరములు, చంపకమాలకు ఇరువదియొకటి. ఈ రెంటి నడుమ ఇరువదిన్నర అక్షరముల పాదము లేదు. అదే పాదమును చదువుటకు పట్టు కాలము ఎన్ని ముక్కలుగానైనను తెగును.

ఎంత అను ప్రశ్నలో మరియొక మెలిక కలదు. బెంగుళూరిలో ఒకనాడు ఇరువది డిగ్రీలు, రెంటచింతలలో నలుబది డిగ్రీలు ఉన్నదనుకొందము. అచ్చట వేడి రెండింతలనవచ్చునా? అవే వేడిమిని ఫారెన్‌హీటు కొలతలో చెప్పిన 68, 104 అగును. రెండింతలన్న మాట ఎగిరిపోవును. ఇందలి సున్న మనము పెట్టుకొన్న గుర్తే గాని వేడిమి లేమి కాదు. ఇట్టివి అంతర దత్తాంశములు. బరువు, దూరము, వయస్సులలో సున్న నిజమైన సున్న. అందు ఎన్ని రెట్లు అని యడుగవచ్చును. అవి నిష్పత్తి దత్తాంశములు. నామమాత్ర, క్రమ, అంతర, నిష్పత్తులను ఈ నాలుగింటిని ఇట్లు విడదీసి 1946లో చెప్పినవాడు అమెరికా దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు స్టీవెన్స్. మేము వేయు మార్కులు నిష్పత్తులని తలిదండ్రులు భావింతురు. తెలుగు పరీక్షలో సున్న వచ్చిన బాలునకు తెలుగు బొత్తిగా రాదనుట కల్ల. ఎనుబది వచ్చినవానికి నలుబది వచ్చినవానికంటె రెండింతల తెలుగు వచ్చుననుటయు కల్ల.

ఏ రకమునకు ఏ సగటు తగునో దీనినిబట్టి తేలును. పేళ్లయందు మిక్కిలి తరచుగ వచ్చునదానిని, అనగా బాహుళకమును, మాత్రమే చెప్పవచ్చును. వరుస యున్నచోట నడుమ నిలుచు మధ్యగతమును చెప్పవచ్చును. కూడి భాగించిన అంకమధ్యమము కొలతలకే తగును, అచ్చటను జాగ్రత్త వలయును. ఐదు ఇండ్లలో తెలుగు పుస్తకములు 2, 3, 4, 6, 185 ఉన్నవనుకొందము. మొత్తము 200, సగటు 40. నలుబది పుస్తకములకు దగ్గరగా ఉన్న ఇల్లు ఒక్కటియు లేదు! మధ్యగతము 4, వీధి స్థితిని తెలుపునది అదియే.

వరుసకును సంఖ్యకును గల భేదము మన భాష విషయముననే పెద్ద కలవరమునకు కారణమైనది. 2001 జనగణనమున తెలుగు మాతృభాషగా గలవారు 7,40,02,856. దేశ భాషలలో మూడవ స్థానము. 2011లో 8,11,27,740; నాలుగవ స్థానము. తెలుగు తగ్గిపోయినదని సభలలో వాపోయినవారు కలరు. సంఖ్య 71 లక్షలకు పైగా పెరిగినది. మరాఠీ అంతకంటె వేగముగ పెరిగి 8,30,26,680కి చేరి ముందునకు వచ్చినది. వరుసలో ఒకటికి రెండునకు, రెండునకు మూడునకు, మూడునకు నాలుగునకు ఒక్కొక్క మెట్టే. అయినను 2011లో హిందీకి బంగాళీకి ఎడము 43 కోట్లు, బంగాళీకి మరాఠీకి కోటి 42 లక్షలు, మరాఠీకి తెలుగునకు 19 లక్షలు మాత్రమే. చింతింపవలసిన అంకె వేరొకటి కలదు: దేశ జనాభాలో తెలుగువారి పాలు 7.19 శాతమునుండి 6.70 శాతమునకు దిగినది. సంఖ్య పెరిగినది, వరుస ఒక మెట్టు దిగినది, పాలు తగ్గినది; మూడును నిజములే.

కర్ణాటకమున 2011లో తెలుగువారు సుమారు 35 లక్షల 70 వేలు, జనాభాలో 5.84 శాతము, కన్నడము, ఉర్దూల తరువాత మూడవ భాష. ఈ అంకెలు మనకు గౌణ దత్తాంశములు, అనగా ఇతరులు సేకరింపగా మనము వాడుకొనునవి. నేను తరగతిలో అడిగి వ్రాసికొన్నది ప్రాథమిక దత్తాంశము. గౌణమును వాడువారు దానివెనుకనున్న ప్రశ్నను తప్పక చూడవలయును. జనగణనమున మాతృభాషయనగా బాల్యమున తల్లి ఆ వ్యక్తితో మాటాడిన భాష. తల్లి శైశవముననే గతించినచో ఆ యింట ప్రధానముగ మాటాడిన భాష. చదివిన భాషకు, సంతకపు భాషకు అందు చోటులేదు. తెలిసిన ఇతర భాషలకు వేరు గడి కలదు. పిదప వర్గీకరణము: 2011లో జనులు చెప్పిన పేళ్లు 19,569, వానిని సరిచూచి 1,369 మాతృభాషలుగ తేల్చి, తుదకు 121 భాషలక్రింద చేర్చిరి. వడ్డెరలు మాటాడు వడరి తెలుగు క్రింద లెక్కింపబడినది. వడరిని వేరుగ నుంచిన మన అంకె మారును.

ఇట్టి గడులు ఊళ్ల తలవ్రాతను మార్చిన సందర్భములు కలవు. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, తక్కినవి మైసూరునకును పోయినవి. ఆనాటి వాదములలో ఇరుపక్షములును చేతబట్టినది జనాభా లెక్కల భాషా పట్టికలనే.

2021లో జరుగవలసిన జనగణనము వాయిదాపడినది. 2025 జూన్ నెలలో వెలువడిన ప్రకటన ననుసరించి తదుపరి గణనమునకు 2027 మార్చి 1వ తేదీ ఆధార దినము. మా పాఠశాలలో నేను వ్రాసికొను పట్టికలో ఇప్పుడు మూడు గడులున్నవి: అమ్మ పలుకు భాష, నాన్న వ్రాయు భాష, బాలుడు చదువ గోరు భాష. బాగేపల్లి బాలుని వరుసలో మొదటి గడిలో తెలుగు, రెండవ గడిలో కన్నడము వ్రాసితిని. మూడవ గడిని నింపుటకు వాడు ఒక దినము గడువు అడిగెను.