పంచాయతీ మైకుకు విద్యుత్తు: పవర్ సప్లైని మలచుకొను విధము

గ్రామ పంచాయతీ కార్యాలయముపై నున్న లౌడ్‌స్పీకరు ఊరికి గొంతు వంటిది. గ్రామసభ తేదీ, పన్నుల గడువు, పశువుల టీకాలు మొదలుకొని తుపాను హెచ్చరిక వరకు అన్నియు దాని ద్వారా ఇంటింటికి చేరుచున్నవి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచెత్తిన ఉప్పెన నెరిగిన తీరప్రాంతము వారికి, ఆపద వేళ మాట అందుటలోని విలువను వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి వేళ మైకు మూగవోకుండవలెనన్న, దానికి సరియైన విద్యుత్తు అందుచుండవలెను.

మైకుసెట్టులోని ఆంప్లిఫయర్లు పెక్కు 12 వోల్టుల డి.సి. విద్యుత్తుతో గూడ పనిచేయును. బ్యాటరీ నుండి గాని, పవర్ సప్లై నుండి గాని ఈ విద్యుత్తును పొందవచ్చును. రేడియో, సెల్‌ఫోను మరమ్మతు చేయువారి బల్లపై, వోల్టులను పెంచుటకును తగ్గించుటకును మరలు గల పవర్ సప్లై యుండును. ఇట్టిది చేతిలో నున్నపుడు మైకుసెట్టుకో, ఇంటిలోని పాటలపెట్టెకో కలుపవలెనను ఆలోచన కలుగుట సహజమే. అయితే దానిని ముందుగా ఆ పనికి తగినట్లు మలచుకొనవలెను.

ఈ పరికరము 230 వోల్టుల ఏ.సి. విద్యుత్తును గ్రహించి, ట్రాన్స్‌ఫార్మరు ద్వారా తగ్గించి, రెక్టిఫయరు ద్వారా డి.సి.గా మార్చును. కెపాసిటర్లు అందలి ఒడుదుడుకులను చదును చేయును. ఆ పని సరిగా జరుగనిచో లౌడ్‌స్పీకరులో మాటతోబాటు గుయ్యిమను ధ్వని విడువక వినిపించుచుండును.

మొదట చూడవలసినది ఆంపియర్లు. 40 వాట్ల ధ్వని నిచ్చు సాధారణ ఆంప్లిఫయరు, పూర్తి బిగ్గరగా పలుకునపుడు సుమారు 70 నుండి 80 వాట్లు తీసికొనును. 12 వోల్టుల వద్ద ఇది ఆరు, ఏడు ఆంపియర్లగును. సెల్‌ఫోను మరమ్మతుకు వాడు 2 లేక 3 ఆంపియర్ల సప్లై దీనికి చాలదు. మెల్లగా మాటాడునంతసేపు బాగుగనే యుండి, గొంతు హెచ్చగనే వోల్టులు పడిపోయి మాట తెగిపోవును. 10 ఆంపియర్లది యుండుట మేలు. సన్నని తీగలు వేసినచో ఒక వోల్టు వరకు దారిలోనే నష్టమగును. కావున తీగలు లావుగను, పొట్టిగను ఉండవలెను.

కలుపు క్రమము ఇది. ఆంప్లిఫయరును కలుపక మునుపే సప్లైని 12 వోల్టులకు త్రిప్పి, మల్టీమీటరుతో సరిచూడవలెను. విద్యుత్ప్రవాహపు పరిమితిని ఒక ఆంపియరు వద్ద నుంచవలెను. పిదప ఎర్రని కొనను ధనధ్రువమునకు, నల్లని కొనను ఋణధ్రువమునకు కలిపి, ధ్వనిని పూర్తిగా తగ్గించి, స్విచ్చి వేయవలెను. పరిమితిని సూచించు దీపము క్షణకాలము వెలిగి ఆరినచో దోషము లేదు. అట్లే వెలుగుచుండినచో వెంటనే ఆపి తీగలను పరీక్షింపవలెను. అంతయు సరిగా నున్న తరువాతనే పరిమితిని పెంచవలెను.

ఇక ముఖ్య విషయము. మరమ్మతు బల్లపై సుగుణమైనది పంచాయతీ గదిలో దోషమగును. ఇట్టి సప్లైలు పెక్కు 30 వోల్టుల వరకు ఇయ్యగలవు. గదిలోనికి వచ్చిన పిల్లవాడో, ధ్వని పెంచుమర యనుకొన్న పెద్దమనిషియో దానిని త్రిప్పినచో, 12 వోల్టుల ఆంప్లిఫయరు క్షణములో కాలిపోవచ్చును. హెచ్చరిక చేయవలసిన నాటికి గాని ఆ సంగతి తెలియకపోవచ్చును. కావున మలచుట యనగా ముఖ్యముగా ఆ మరను కదలకుండ చేయుటయే. మరలపై రేకు మూతను స్క్రూలతో బిగించి, దానిపై “12 వోల్టులు” అని పెద్దక్షరములతో వ్రాయించవలెను. అధిక వోల్టేజి రక్షణ యున్న సప్లై అయినచో దానిని 15 వోల్టుల వద్ద నుంచవలెను. ఎర్ర తీగపై తగిన ఫ్యూజు ఉండవలెను.

కరెంటు పోయినపుడు వాడుటకు బ్యాటరీ నుంచినచో, దానిని, సప్లైని ఒకేసారి కలిపి యుంచరాదు. ఆగియున్న సప్లైలోనికి బ్యాటరీ విద్యుత్తు ఎదురు ప్రవహించి దానిని చెరుపవచ్చును. ఒకవైపు సప్లై, మరియొకవైపు బ్యాటరీ వచ్చునట్లు మార్పిడి స్విచ్చి పెట్టించవలెను. బ్యాటరీ ధనధ్రువము చెంతనే వేరొక ఫ్యూజు తప్పనిసరి.

సప్లైని ఎర్తు గల మూడు పిన్నుల ప్లగ్గునకే కలుపవలెను. వెనుకనున్న ఫ్యానుకు గుడ్డగాని, కాగితములుగాని అడ్డుపడరాదు. మూతను మెకానిక్కు తప్ప ఇతరులు విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదప గూడ కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును.

క్రొత్తగా కొనదలచిన పంచాయతీలకు, మరలు లేక 12 వోల్టులు మాత్రమే ఇచ్చు స్థిరమైన సప్లైయే తగినది. ఉన్నదానిని వాడుకొనదలచినవారు పై జాగ్రత్తలన్నియు పాటింపవలెను. పంచాయతీ సభ్యులు ఈ పరికరముల బాధ్యతను ఒకరికి అప్పగించి, నెలకొకసారి సప్లైపైనను, బ్యాటరీపైనను మైకును పలికించి చూచునట్లు ఏర్పాటు గావించవలెను. తుపాను కాలమునకు ముందు ఈ పరీక్షను విధిగా జరిపించుట శ్రేయస్కరము.