6.4 సీజన్ ముందు అంచనాలు: కొరియా బేస్‌బాల్ లీగ్ ఉదాహరణ

ద్విపద విభాజనం, ప్రామాణిక విచలనం గురించి మీరు ముందు భాగాల్లో చదివారు. అవి నిజ జీవితంలో ఎక్కడ పనికివస్తాయో ఇప్పుడు ఒక ఉదాహరణతో చూద్దాం. దక్షిణ కొరియాలో కేబీఓ అనే వృత్తి బేస్‌బాల్ లీగ్ 1982లో ఆరు జట్లతో మొదలైంది. 2015 నుంచి పది జట్లున్నాయి. ప్రతి జట్టు మిగిలిన తొమ్మిది జట్లతో 16 సార్లు చొప్పున ఆడుతుంది. అంటే మొత్తం 144 ఆటలు. మొదటి ఐదు స్థానాల్లో నిలిచినవే తర్వాతి దశకు వెళ్తాయి. ఏటా మార్చిలో సీజన్ మొదలయ్యే ముందు ఏ జట్టు ఎక్కడ నిలుస్తుందో వ్యాఖ్యాతలు, అభిమానులు జాబితాలు వేస్తారు.

2025 సీజన్ ముందు చాలామంది కియా టైగర్స్‌ను పైన పెట్టారు. కారణం ఉంది. ఆ జట్టు 2024లో 87 ఆటలు గెలిచి, చాంపియన్ కూడా అయింది. కాని 2025లో 65 గెలుపులతో ఎనిమిదో స్థానానికి పడిపోయింది. 2024లో ఎనిమిదో స్థానంలో ఉన్న హన్వా ఈగల్స్ 83 గెలుపులతో రెండో స్థానానికి ఎక్కింది. అంచనా వేసినవారికి ఆట తెలియదని దీన్నిబట్టి అనవచ్చా? తొందరపడకండి.

డ్రాలను పక్కన పెట్టి, ప్రతి ఆటలోనూ గెలుపు సంభావ్యత సగం ఉన్న జట్టును ఊహించుకోండి. దాని సగటు గెలుపులు 72. ప్రామాణిక విచలనం 144 × ½ × ½, అంటే 36కు వర్గమూలం: 6. కాబట్టి సత్తాలో ఏ మార్పూ లేకుండానే ఆ జట్టు 60 నుంచి 84 వరకు ఎన్నయినా గెలవవచ్చు. పది జట్లూ సరిసమానమైనా, పట్టికలో పై జట్టు సుమారు 80 దాటుతుంది, అడుగు జట్టు 65 లోపే ఆగుతుంది. అలాంటి పట్టికను చూసి పత్రికలు ఎన్ని కథలు రాస్తాయో మీకు తెలియనిది కాదు!

ఇప్పుడు కియా సంగతి. రెండు సీజన్ల తేడాకు ప్రామాణిక విచలనం 6 × √2, అంటే సుమారు 8.5. కియా తగ్గుదల 22. విచలనానికి రెండున్నర రెట్లు. ఇంత తేడాను అదృష్టం ఒక్కటే వివరించలేదు, జట్టు సత్తాయే మారి ఉండాలి. నిజంగానే మారింది. 2024లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన కిమ్ దోయంగ్ 2025 ప్రారంభ ఆటలోనే తొడ కండరానికి గాయమై వైదొలిగాడు. ఆ ఏడాది 30 ఆటలే ఆడగలిగాడు. మార్చిలో జాబితా వేసినవారికి ఇది తెలిసే వీలు లేదు.

హన్వా విషయంలో మరో చిక్కు ఉంది. అప్పట్లో ఒక్కో జట్టుకు ముగ్గురు విదేశీ ఆటగాళ్లకే అనుమతి ఉండేది. వారిలో సాధారణంగా ఇద్దరు బౌలర్ల వంటివారు, అంటే పిచర్లు. కొత్తగా వచ్చిన కోడీ పోన్సే 17 ఆటలు గెలిపించి ఒక్కటే ఓడాడు. అతనికి కొరియాలో గత రికార్డే లేదు. దత్తాంశం లేని చోట అంచనా వేసేవారు సగటునే పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా.

అందుచేత "కియా మొదటి స్థానం" అనే అంచనా కంటే "కియా 70 నుంచి 90 వరకు గెలవవచ్చు" అనేది మెరుగు. రెండోది కూడా ఇక్కడ తప్పింది. అయితే ఎంత తప్పిందో కొలిచే వీలు అందులో ఉంది.

అభ్యాసం: ఎల్‌జీ ట్విన్స్ 2023లో 86, 2024లో 76, 2025లో 85 ఆటలు గెలిచింది. ఈ రెండు మార్పులను 8.5తో పోల్చండి. జట్టు సత్తా మారిందని చెప్పడానికి ఈ తేడాలు చాలునా? మీ సమాధానాన్ని నాలుగు వాక్యాల్లో రాయండి.